నిండిన గోలెం

నార్కట్‌పల్లిలో హైదరాబాదు సడక్ వైపు మొహం పెట్టుకొని ఉన్న భద్రమ్మ ఇంటికి రెండు తలుపులు. ఒకటి ఇంటివాళ్లది, రెండోది కిరాయి గదిది. ఆ గది తలుపు పక్కనే అరుగు మీద ఒక గోలెం ఉండేది. నడుమెత్తు మట్టి తొట్టి, దాని మీద కొయ్య మూత. ఇల్లు భద్రమ్మదే అయినా, సడక్ మీద పేరు మాత్రం గోలెందే.

చెర్వుగట్టు మీది గుడికి అమాసకొచ్చేవాళ్లు, నల్లగొండ కచేరీకి పేషీల మీద తిరిగేవాళ్లు, బస్సు తప్పిపోయి నెత్తి పట్టుకున్నవాళ్లు, అందరూ ఆ గదిలో ఒక పూటో రెండు పూటలో తలదాచుకునేవాళ్లు. కిరాయి ఎంతంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కొందరు పైసలిచ్చేవాళ్లు, కొందరు కందులు కొలిచేవాళ్లు. కానీ గోలెం దగ్గర మాత్రం బేరం లేదు. వచ్చినవాడు ముందు గోలెంలోంచి ఒక చెంబు నీళ్లు ముంచుకొని తాగాలి. తాగితే గదిలో దిగినట్టు. ఆ క్షణం నుంచి ఆ గడప అతనిది, ఉన్న ఒక్క తాళంచెవి అతనిది. వెళ్లేనాడు ఊరి చివర మంచినీళ్ల బావి నుంచి తన చేతులతో నీళ్లు చేది, మోసుకొచ్చి, గోలెం నింపి పోవాలి. తర్వాత వచ్చేది ఎవరో తెలియదు. తెలియని మనిషి కోసమే నింపాలి.

పెరట్లో బావి లేక కాదు. ఆ నీళ్లలో పప్పేస్తే సాయంత్రం దాకా పప్పు పప్పులాగే, నీళ్లు నీళ్లలాగే ఉండేవి.

ఇంటివాళ్లు గోలెంలో ఒక చెంబు కూడా పొయ్యగూడదు. అది భద్రమ్మ పెట్టుకున్న నేమం. అందుకని గోలెం నిండి ఉంటే గది ఖాళీ, తగ్గి ఉంటే లోపల మనిషి. బస్సు డ్రైవర్లు దిగకుండానే మెడ బయటికి పెట్టి, "భద్రమ్మా, గోలెం నిండుందా?" అని అరిచి, జవాబును బట్టి మనుషుల్ని దింపేవాళ్లు.

ఒకసారి గట్టుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన చెంబు ముంచబోతూ ఆగాడు.

"ఇవి ఎవలు తెచ్చిన నీళ్లు?"

"నీ కంటె ముందు దూపయినోడు," అంది భద్రమ్మ.

ఆయన కాసేపు ఆలోచించాడు. ఎండ ఆయన తరఫున నిర్ణయం తీసుకుంది. తాగాడు.

యాదలక్ష్మి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో ఈ వ్యవహారమంతా చూసి, అత్తకు అక్షరం ముక్క రాకపోవడం వల్లనే లోకం మీద ఇంత నమ్మకమని తీర్మానించుకుంది. తను మేనమామ ఇంట్లో ఉండి నల్లగొండలో ఐదో జమాతు చదివింది. బెల్లం చుట్టి వచ్చిన పేపరు ముక్కలు కూడా వదలకుండా చదివేది. కాబట్టి లోకం ఎంత చెడ్డదో తనకు వివరంగా తెలుసు.

"పేరన్న అడుగవా అత్తా?" అని ఒకనాడు అడిగింది.

"ఎందుకే? పేరు మీద పండుకుంటరా, చాప మీద పండుకుంటరా?"

"ఎత్తుకపోతే?"

"ఏముందే గండ్ల? చాప, గూట్ల బుడ్డి, గోడకు రెండు మేకులు. చాప ఎత్తుకపోయెటోడు ఉన్నడంటే, నాకంటె వానికే ఎక్కువ పని పడ్డట్టు."

ఎవరూ చాప ఎత్తుకుపోలేదు. కచేరీ పేషీకి వచ్చిన ఒకడు మాత్రం పరధ్యానంలో తాళంకప్ప సంచిలో వేసుకొని పోయాడు. చెవి మేకుకే వేలాడుతోంది. తర్వాతి పేషీకి వచ్చి, కప్ప తీసి అరుగు మీద పెట్టి, "దీని చెవి మీతాన ఉన్నదా పెద్దమ్మా?" అని అడిగాడు. ఆ వ్యాజ్యం వాడు గెలిచాడో లేదో గాని, గెలిచి ఉంటాడని యాదలక్ష్మికి నమ్మకం లేదు.

ఆ గదిలో దిగినవాళ్లలో సడక్ మీద బండ్లను ఆపి చూసే నాకా జమేదారు కూడా ఉన్నాడు. బదిలీ మీద వచ్చిన కొత్తలో, సర్కారు ఇల్లు ఖాళీ అయ్యేదాకా అక్కడే పడుకున్నాడు. వెళ్లేనాడు నీళ్లకు జవానును పంపితే, భద్రమ్మ బిందెను వెనక్కి తిప్పింది.

"పండుకున్నది నువ్వు. చేదేది ఆయన్నా? ఇదెక్కడి ఇన్సాఫు జమేదార్ సాబ్?"

జమేదారు బావి దగ్గర టోపీ తీసి జవాను చేతికిచ్చి, తనే చేదాడు. ఊరంతా నీళ్లకే వచ్చినట్టు బిందెలు పట్టుకొని నిలబడి చూసింది. అతని నడుము మళ్లీ మామూలు కావడానికి చాలా దినాలు పట్టిందని జవాను చెప్పాడు. ఆ తర్వాత జమేదారు ఆ ఇంటి ముందు నుంచి పోతే గోలెం వంక చూసి, తెలియకుండానే ఒక చెయ్యి నడుము మీద వేసుకునేవాడు.

* * *

తర్వాత రోజులు చెడ్డాయి. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు, సంఘం వాళ్లు గుట్టల్లో ఉన్నారు. వయసులో ఉన్న మగవాళ్లలో సగం మంది కోదాడ దాటి యూనియన్ సరిహద్దులో శిబిరాలకు పోయారు. యాదలక్ష్మి పెనిమిటి బాలయ్య కూడా పోయాడు. ఇంట్లో మిగిలింది అత్త, కోడలు, ఒక బర్రె. ముగ్గురిలో నిమ్మళంగా ఉన్నది బర్రె ఒక్కటే.

"ఇగనన్న గది మూసిపెడుదాం అత్తా. ఎవలస్తుండ్రో, ఏం తెస్తుండ్రో."

"గిసొంటప్పుడే కదనే మనిషికి జాగా కావాలె. మంచి దినాలల్ల చెట్టు కింద పండుకున్నా ఎల్లుతది."

ఆ వానకాలంలోనే గొంగళ్ల మూట మోసుకొని లింగస్వామి అనే ఒకతను వచ్చాడు. పాలమూరు గొంగళ్లన్నాడు. చెంబెడు నీళ్లు తాగి, చెవి తీసుకొని, గదిలో దిగాడు. యాదలక్ష్మి మంచిదొకటి చూసి ధర అడిగింది. అతను తడుముకొని, "నువ్వే చెప్పు చెల్లె," అన్నాడు. గొంగళ్లమ్మేవాడు కొనేవాళ్లను ధర అడగడం ఆమె ఎక్కడా చదవలేదు. పైగా మూట జరిపినప్పుడల్లా లోపల కాగితాలు గలగలమన్నాయి. గొర్రె బొచ్చు అట్లా చప్పుడు చెయ్యదు.

మర్నాడు మధ్యాహ్నం భద్రమ్మ బర్రెకు గడ్డి కోసుకురావడానికి పోయింది. యాదలక్ష్మి దడి సందులోంచి చూసేసరికి భుజాన తుపాకితో జమేదారు, అతని వెంట ఇద్దరు రజాకార్లు, ఇల్లిల్లూ తొంగిచూస్తూ వస్తున్నారు. గది కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, కప్ప, చెవి ఇటియ్యి. సప్పుడు చెయ్యకు."

లింగస్వామి కిటికీలోంచి అందించాడు. ఆమె బయట తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది. అప్పుడు గోలెం చూసింది. సగానికి ఉంది. సగం గోలెం అంటే లోపల మనిషి అని జమేదారుకు తెలియనిది కాదు.

మంచినీళ్ల బావి ఊరి చివర. అంత వ్యవధి లేదు. పెరటి బావిలో చేద వేస్తే గిలక చప్పుడు సడక్ దాకా వినబడుతుంది. వంటింట్లో కాగులో ఉన్నవి పోసింది. స్నానానికి తోడిపెట్టినవి పోసింది. ఇంకా బెత్తెడు వెలితి. ఇల్లంతా కలియజూస్తే తడి ఉన్నది ఇంకొక్క చోటే ఉంది: బర్రె ముందు పెట్టిన కుడితి తొట్టి. తవుడు, కడుగునీళ్లు కలిసి తెల్లగా ఉన్న కుడితి. యాదలక్ష్మి బర్రె మొహం చూడకుండా బిందెడు ముంచుకొచ్చి గోలెంలో కుమ్మరించి మూత పెట్టింది.

సరిగ్గా అప్పుడే భద్రమ్మ గడ్డిమోపుతో, ఆమె వెనకే ముగ్గురూ వచ్చారు.

"భద్రమ్మా, గొంగళ్లోడు ఒకడు దిగిండట?" అన్నాడు జమేదారు.

భద్రమ్మ జవాబు చెప్పే ముందు అలవాటు ప్రకారం గోలెం వైపు చూసింది. మూత అంచున తడి. ఆ తడిలో చిటికెడు తవుడు. మోపు దింపుతూ, చెమట తుడుచుకున్న చెయ్యితోనే ఆ అంచును కూడా తుడిచేసింది.

"నన్నడుగుడెందుకు? గోలెం లేదా, చూసుకోరాదు."

జమేదారు మూత ఎత్తాడు. అంచు దాకా ఉంది.

"నీళ్లు మబ్బుగున్నయేంది?"

"వానకాలం బాయి నీళ్లు మబ్బుగుండక, అద్దం తీర్గ మెరుస్తయా?"

రజాకార్లలో ఒకడు తలుపు మీద లాఠీతో కొట్టాడు. "తాళం తీయించండి."

జమేదారు ఒక చెయ్యి నడుము మీదికి పోనిచ్చాడు. "ఈ గోలెం నేను నింపిన భాయ్. నాకెరుక. ఉత్తపుణ్యానికి దీన్ని నింపెటోడు ఈ సడక్ మీద పుట్టలే. పోయేటోడే నింపుతడు, వాడు గూడ ఏడ్చుకుంట. పాండ్రి, దూరం పోకముందే దొరికించుకుందాం." మూత వేయబోతూ, "దూప అయితుంది," అని చెంబు కోసం చెయ్యి చాచాడు.



"ఆగు జమేదార్ సాబ్," అంది భద్రమ్మ. "గవి తాగితే గదిల దిగినట్టే. దిగినంక పోయేనాడు నింపాలె. మతికున్నదా?"

జమేదారు చెయ్యి వేడి పెనం తాకినట్టు వెనక్కి వచ్చింది. భద్రమ్మ చల్లకుండలోంచి గ్లాసెడు చల్ల తెచ్చి ఇస్తే తాగి, మీసం తుడుచుకొని, రజాకార్లను తీసుకొని కట్టంగూరు తొవ్వ పట్టాడు.

వాళ్లు కనుమరుగయ్యాక భద్రమ్మ గోలెంలో వేలు ముంచి వాసన చూసింది. కోడలి వైపు తిరిగింది. తిట్లకు యాదలక్ష్మి సిద్ధంగా ఉంది.

"బర్రె ఏం తాగాలె?" అంది భద్రమ్మ.

అంతే. ఆ తర్వాత గోలెం వంచి, చింతపండు పెట్టి తోమించి, ఎండబెట్టించింది. ఆ పని పూర్తయ్యేసరికి ఐదో జమాతు చదువు కూడా కొంత ఊడి వచ్చినట్టయింది యాదలక్ష్మికి.

లింగస్వామి పెరటి దడి దాటుతూ ఒక్క నిమిషం ఆగాడు. "పెద్దమ్మా, గోలెం నింపకుంట పోతున్న. నీకు బాకీ పడ్డ."

"నాకేం బాకీ? వచ్చేటోనికి పడ్డవు," అంది భద్రమ్మ. "పో బిడ్డా, జర పైలం."

* * *

వినాయకచవితి పోయిన వారమంతా సడక్ ఖాళీగా ఉండింది. తర్వాత సూర్యాపేట వైపు నుంచి ఫౌజు వచ్చింది. పోలీసు చర్య అని దానికి తర్వాత పేరు వచ్చింది. ఆ రోజు దానికి పేరు లేదు, చప్పుడే ఉంది. ట్యాంకులు ఇంటి ముందు నుంచి పోతుంటే గోలెం మూత తనంతట తను టకటకలాడింది. జమేదారు ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. నాకాకు అడ్డంగా కట్టిన వెదురుబొంగు మాత్రం రెండు దినాలకు ఎవరింటి చిక్కుడు పందిరికో చేరింది.

ఆ చప్పుడుకు ముందే గదిలో ఇద్దరు దిగి ఉన్నారు. నకిరేకల్ వైపు ఊళ్లలో గిన్నెలకు కలాయి పోసే ఇమాం సాబు, ఆయన భార్య చాంద్‌బీ. హైదరాబాదులో బిడ్డ దగ్గరికి పోవాలని బయలుదేరారు, ఇక్కడికొచ్చేసరికి బస్సులు ఆగిపోయాయి. "ఎన్నొద్దులుంటరు?" అని భద్రమ్మ అడిగితే, "బస్సొచ్చేదాంక అక్కా," అన్నాడు ఇమాం సాబు. సరేనంది. లింగస్వామి తర్వాత దిగినవాడొకడు ఖాళీ గోలెం నింపి పోయాడు, అందులోంచే ఇద్దరూ నీళ్లు తాగారు.

బస్సు రాలేదు. కబుర్లు మాత్రం రోజూ వచ్చాయి. రజాకార్లు చేసినదానికి పగ తీర్చుకుంటామని ఊళ్లలో గుంపులు తిరుగుతున్నాయట. రజాకారా కాదా అని ఎవరూ అడగడం లేదట, నెత్తి మీద టోపీ ఉంటే చాలట. ఇమాం సాబు రజాకారు కాడని యాదలక్ష్మికి తెలుసు. ఆ మనిషికి కొలిమి తిత్తి తప్ప ఇంకొకటి పట్టుకోవడం రాదు. రజాకార్లు ఆయన దగ్గర కూడా గిన్నెలకు కలాయి పోయించుకొని, పైసలడిగితే కొట్టారు. అయినా ఆమెకు భయం వేసింది. భయం వేసినందుకు సిగ్గూ వేసింది. ఆ రెండూ కలిసి ఒక మాటగా బయటికి వచ్చాయి.

"అత్తా, వాళ్లను వేరే ఏడికన్న పొమ్మందామా?"

భద్రమ్మ జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"ఎప్పటిదాంక ఇచ్చినం?"

"బస్సొచ్చేదాంక."

"బస్సొచ్చిందా?"

చేటలోంచి పొట్టు ఎగిరిపోతోంది, గింజలు నిలుస్తున్నాయి. యాదలక్ష్మి తను మంచిదాన్నే అనుకునేది ఇన్నాళ్లూ. మంచితనానికి గడువు కూడా ఉంటుందని, అది ఇచ్చిన మాట అయిపోయేదాకా ఉంటుందని ఆ చేట వంక చూస్తుంటే మొదటిసారి తోచింది. ఏ పేపరు ముక్కలోనూ ఆ సంగతి రాయలేదు.

మర్నాడు పొద్దున బావికి పోయిన భద్రమ్మ మామూలు కంటే గబగబా వచ్చింది. ఇంట్లోకి పోకుండా, సంకలో ఉన్న బిందెను తిన్నగా గోలెంలో వంచింది. యాదలక్ష్మి నోరు తెరిచి చూసింది. ఆ ఇంట్లో సూర్యుడు పడమట పొడిచినా ఆమె అంత ఆశ్చర్యపడేది కాదు.

"అత్తా! నువ్వు నింపుతున్నవా?"

"నోర్మూసుకొని బిందె తీసుకొని రా. ఇయ్యాల గుంపొస్తదంటున్నరు బాయికాడ. కుడితి ముట్టకు. అబద్ధమాడుడే తప్పనప్పుడు మంచినీళ్లతోనే ఆడుదాం."

అత్తాకోడళ్లు బావికీ అరుగుకూ తిరిగారు. ముసలితనంలో అత్త నడక అంత జోరుగా ఉంటుందని యాదలక్ష్మికి తెలియదు. గోలెం నిండింది. గదికి బయట తాళం పడింది. చెవి భద్రమ్మ నడుముకు చేరింది.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. ఇమాం సాబుకు ఉత్తగా కూర్చోవడం చేతకాదు. అంతకు ముందు రోజంతా పెరట్లో కొలిమి పెట్టి, వద్దంటున్నా వినకుండా ఇంట్లో ఉన్న ఇత్తడి గిన్నెలన్నిటికీ కలాయి పోశాడు. "నీడ ఇచ్చిన ఇంట్ల కిలుం గిన్నెల్ల తింటరా అక్కా, నేనుండంగ?" అన్నాడు. వాటిని చాంద్‌బీ తెల్లారగానే తోమి, ఆరాలని వరసగా అరుగు మీద బోర్లించింది. అవి అక్కడ ఎండకు తళతళలాడుతూ, ఇదిగో కలాయి సాబు ఇక్కడే ఉన్నాడని సడక్‌కంతా చాటుతున్నాయి. అత్తాకోడళ్లకు గోలెం ధ్యాసలో అవి కనబడనే లేదు.

కనబడే సరికి గుంపు అరుగు ముందుకు వచ్చింది.

చేతుల్లో కర్రలు, బరిసెలు. ఎక్కువమంది బయటి ఊళ్లవాళ్లు. ముందున్నవాడు పోచయ్య. అతని ఇంటిని రజాకార్లు కాల్చారు. ఆ మంట ఇంకా కళ్లలోనే ఉంది. వెనక, గుంపులో కలిసీ కలవనట్టు, భుజాన గొంగడితో లింగస్వామి. నుదుటి మీద కొత్తగా ఒక మచ్చ. యాదలక్ష్మి గుర్తుపట్టింది. సంబరపడాలో భయపడాలో ఆమెకు తేలలేదు.

"అవ్వా, లోపల ఎవలున్నరు?" అన్నాడు పోచయ్య.

"గోలెం చూసుకో," అంది భద్రమ్మ.

"గోలెం సంగతి నాకెందుకు? గిన్నెలు మెరుస్తున్నయి. కలాయోడు ఏడి?"

భద్రమ్మ నోరు మొదటిసారి ఆగింది. ఆమెకు నోటితో అబద్ధమాడడం అలవాటు లేదు, అదొక్కటే ఆమెకు రాని విద్య.

గుంపును తోసుకుంటూ లింగస్వామి ముందుకు వచ్చాడు. గోలెం మూత ఎత్తాడు. అంచు దాకా తొణకకుండా ఉన్న నీళ్లను చూశాడు. మోకాళ్ల దాకా తడిసిన అత్తాకోడళ్ల చీరకుచ్చెళ్లను చూశాడు. నిండిన గోలెం అంటే గది ఖాళీ అని సడక్ మీద అందరికీ తెలుసు. నిండిన గోలెం వెనక ఊపిరి బిగబట్టుకొని కూర్చోవడం ఎట్లా ఉంటుందో మాత్రం ఆ గుంపులో అతనొక్కడికే తెలుసు.

అతను వరసలోంచి మెరుస్తున్న చెంబొకటి తీసి, గోలెంలో ముంచి, గటగటా తాగాడు.

"పెద్దమ్మా, నేను దిగిన. చెవియ్యి."

భద్రమ్మ చెయ్యి నడుము దగ్గరికి పోయి ఆగింది. యాదలక్ష్మి ఆమె కళ్లలోకి చూసింది. ఇవ్వకు అత్తా, గుంపుతోని వచ్చిండు, ఇవ్వకు. కానీ నీళ్లు తాగిన మనిషికి చెవి ఇవ్వకపోతే, ఇన్నేళ్లుగా ఆ అరుగు మీద నడిచినదంతా ఉత్తదే అవుతుంది. ఇస్తే లోపలున్న ఇద్దరి ప్రాణం ఆ మనిషి చేతిలో పెట్టినట్టు. భద్రమ్మ ముడి విప్పింది. ముడి చిన్నదే, విప్పడానికి మాత్రం చాలా సేపు పట్టినట్టనిపించింది. చెవి అతని అరచేతిలో పెట్టింది.

"ఎప్పటిదాంక?" అని అడిగింది, ఎవరినైనా అడిగినట్టే.

"బస్సొచ్చేదాంక."

లింగస్వామి చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. తలుపు తియ్యలేదు. గొంగడి దులిపి గడప మీద పరిచి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఇంకేంది పోచయ్యా? గది నేను పట్టిన. ఈడేం లేదు."

"గిన్నెలో?"

"బతుకమ్మ పండుగ ముంగటున్నది. ఆడోళ్లు కలాయి పోయించుకోరా? మీ ఇంట్ల పోయించరా?"

"మా ఇంట్ల గిన్నెల్లేవు," అన్నాడు పోచయ్య. "కాల్చిండ్రు."

లింగస్వామి గొంతు తగ్గించాడు. "ఎరుకే. కాల్చినోళ్లతోని నేను గుట్టలల్ల కొట్లాడిన, నీకు గూడ ఎరుకే. గిన్నెలకు కలాయి పోసెటోడు కాల్చిండా?"

"తలుపు తీసి చూపియ్యి, పోతం."

అప్పుడు భద్రమ్మకు నోరు తిరిగి వచ్చింది. ఇది ఆమెకు తెలిసిన విషయం. ఇందులో అబద్ధం అక్కరలేదు.

"కిరాయికిచ్చినంక గడప వాళ్లది కొడుకా. నా ఇల్లయినా నేను అడుగు పెట్ట. తుపాకి పట్టుకొని జమేదారు వస్తెనే తెరువలే. అప్పుడు లోపలున్నది ఎవలో తెలుసా? ఇగో, నీ ముంగట కూసున్నోడే. ఆనాడు తెరిస్తే ఈనాడు మీ వెంట ఈయన ఉండకపోతుండె."

గుంపు లింగస్వామి వైపు చూసింది. అతను నుదుటి మచ్చ గోక్కుంటూ, "నిజమే," అన్నాడు. "కుడితి వాసన గూడ వచ్చింది."

వెనక ఎవరో ఒకడు ఆపుకోలేక నవ్వాడు. ఆ నవ్వుతో గుంపులో బిర్రు సడలింది. పోచయ్య నవ్వలేదు. గోలెం వైపు చూసి, "దూపయితుంది అవ్వా," అన్నాడు.

భద్రమ్మ లోపలికి పోయి చల్ల తెచ్చి ఇచ్చింది. గోలెం నీళ్లు ఇయ్యలేదు. గదిలో అప్పటికే మనుషులు ఎక్కువయ్యారు. అతను తాగాక, మెరుస్తున్న గిన్నెల్లోంచి పెద్దది ఒకటి ఏరి అతని చేతిలో పెట్టింది.

"పండుగకు ఉండనియ్యి. మీ ఆడోళ్లకియ్యి."

పోచయ్య ఆ గిన్నెను తిప్పి చూశాడు. అందులో అతని మొహం కనబడినట్టుంది. కర్రను చంకలో ఇరికించుకొని, గిన్నెను రెండు చేతులతో పట్టుకొని వెళ్లిపోయాడు. కర్ర, గిన్నె రెండూ ఎత్తి పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. అతని వెనక మిగిలినవాళ్లూ కదిలారు.

* * *

లింగస్వామి బస్సు వచ్చేదాకా ఆ గడప మీదనే ఉన్నాడు. అక్కడే తిన్నాడు, అక్కడే కునికాడు. గదిలోకి మాత్రం పోలేదు. "వాళ్లది," అన్నాడు. మొలతాడుకున్న చెవి సంగతి అడిగితే, "నాది," అన్నాడు. ఒకే గది ఇద్దరికి కిరాయికిచ్చిన తప్పు భద్రమ్మ బతుకులో అదొక్కటే. దాని గురించి ఆమె రెండు పూటలు మొహం ముడుచుకుంది కూడా. యాదలక్ష్మి మాత్రం ఆ ముడుచుకున్న మొహాన్నే దొంగచాటుగా మళ్లీ మళ్లీ చూసుకుంది. అత్తకు లోకం తెలియదని తీర్మానించిన ఆ ఐదో జమాతు పిల్ల తనేనని ఒప్పుకోవడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

చివరికి బస్సు వచ్చింది, ముందొక ఫౌజు లారీ తోడుగా. డ్రైవరు మెడ బయటికి పెట్టి, "భద్రమ్మా, గోలెం నిండుందా?" అని అరిచాడు. ఆ కేక విని అత్తాకోడళ్లిద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆగు జర!" అని, లింగస్వామి తాళం తీసిన తలుపులోంచి వచ్చి ఇమాం సాబు బిందె అందుకున్నాడు. తాగినవి తాగగా తగ్గిన గోలెంలో తన చేతులతో చేది తెచ్చిన నీళ్లు పోశాడు. చాంద్‌బీ రెండో బిందె మోసింది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. గోలెం నిండేదాకా వాళ్లు ఎక్కలేదు. ఎక్కబోతూ చాంద్‌బీ భద్రమ్మ చేతులు పట్టుకొని ఏదో చెప్పబోయింది. "గిన్నెలు పులుసుకు వాడొచ్చు అక్కా," అన్నాడు ఇమాం సాబు ఆమె బదులు.

బస్సు హైదరాబాదు వైపు పోయింది. దుమ్ము అణిగేసరికి లింగస్వామి బావి నుంచి బిందె భుజాన పెట్టుకొని వస్తున్నాడు. గోలెం దగ్గరికి వచ్చి మూత ఎత్తి ఆగిపోయాడు. చుక్క పట్టే చోటు లేదు.

"ఇగ నేనేడ పొయ్యాలె పెద్దమ్మా? ఆనాటిదొకటి, ఇయ్యాలటిదొకటి. రెండు బాకీలు."

భద్రమ్మ గోలెం చూసింది. అతన్ని చూసింది. పెరటి వైపు వేలు చూపింది.

"బర్రె తొట్టిల పొయ్యి. ఆనాడు నిన్ను కాపాడింది దాని కుడితే."

లింగస్వామి పెరట్లోకి పోయి కుడితి తొట్టిలో నీళ్లు కుమ్మరించాడు. తొట్టి పెద్దది, ఒక బిందెకు అడుగు తడిసింది, అంతే. అతను మళ్లీ బావికి బయలుదేరాడు. యాదలక్ష్మి తవుడు తెచ్చి తొట్టిలో వేసి కలియబెట్టింది. బర్రె మూతి పెట్టి వాసన చూసి, ఆనాటి సంగతి ఇంకా మర్చిపోనట్టు ఆమె వైపు ఒకసారి చూసి, తాగడం మొదలుపెట్టింది.